రంగు చూడని పలక

నా నోరు మంచిది కాదని మా సందులో అందరికీ తెలుసు. నాకూ తెలుసు. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు గానీ, దక్షిణ చైనాలోని మా ల్యూజౌ ఊరు నా నోటితో సంబంధం లేకుండానే బాగుంది కాబట్టి మార్చుకోవాల్సిన అవసరం నాకెప్పుడూ కనబడలేదు.

నా పేరు వెయ్ జుఫెన్. చేపల బజారు వెనక సందులో ఇరవై మూడేళ్ళుగా వీపులు గీకుతున్నాను. మెడ పట్టేసినవాళ్ళు, నడుం వంగనివాళ్ళు, రోజంతా లారీ తోలి భుజాలు బిగిసిపోయినవాళ్ళు వచ్చి నా బల్ల మీద బోర్లా పడుకుంటారు. అల్లం వేసి కాచిన నూనె రాసి, గేదె కొమ్ముతో చేసిన పలకతో పైనుంచి కిందికి ఒకే వైపు గీకుతాను. కాసేపటికి చర్మం మీద ఎర్రటి చుక్కలు లేస్తాయి. లోపల కూడిన నొప్పి అలా బయటికి వస్తుందని మా అమ్మమ్మ చెప్పింది, ఆవిడకి వాళ్ళమ్మమ్మ చెప్పింది. ఎర్రగా వస్తే పాత నొప్పి, నల్లగా వస్తే ఇంకా పాత నొప్పి, ఏమీ రాకపోతే గీకినవాళ్ళకి చేతకాలేదు. నా దుకాణానికి ఇంతకు మించిన శాస్త్రం లేదు. మా సందులో ఆడవాళ్ళు చొక్కా వెనక్కి ఎత్తి, నాది ఎంత ఎర్రగా వచ్చిందో చూడు అంటే నాది చూడు అని ఒకరికొకరు చూపించుకునేవారు. ఆ ఎరుపంతా నా చేతి చలవే కదా అని నేను గుమ్మంలో నిలబడి మురిసిపోయేదాన్ని.

తొమ్మిదేళ్ళ క్రితం నా దుకాణానికి రెండు గుమ్మాల అవతల నోంగ్ మాస్టారు దుకాణం పెట్టాడు. ఆయన పుట్టు గుడ్డి. గుడ్డివాళ్ళ బడిలో ఒళ్ళు పట్టడం, గీకడం నేర్చుకుని, పట్టా కూడా తెచ్చుకుని గోడకి తగిలించాడు. ఆ పట్టా చూసినప్పటి నుంచీ నాకు ఒళ్ళు మంట. నా బల్ల మీద ఎవరు పడుకున్నా అడగకపోయినా చెప్పేదాన్ని.

"కళ్ళు లేనివాడికి ఎరుపు ఎక్కడొచ్చిందో ఎలా తెలుస్తుందమ్మా? ఎప్పుడు ఆపాలో ఎలా తెలుస్తుంది? తోలు ఊడొచ్చాక తెలుస్తుందా?"

బోర్లా పడుకున్న మనిషి ఎదురు చెప్పలేడు. ఊఁ అంటాడు. ఆ ఊఁ సందంతా తిరిగి తిరిగి నిజమై కూర్చుంది. ఆయన దుకాణానికి పొరుగు వీధులవాళ్ళే వెళ్ళేవారు గానీ మా సందులోవాళ్ళు వెళ్ళేవారు కాదు. ఆయన ఒక్కనాడూ నన్ను పల్లెత్తు మాట అనలేదు. నేను అటు వెళ్తుంటే గుమ్మంలో కూర్చుని, "ఇవాళ వాన వచ్చేట్టుందండీ జుఫెన్ గారూ" అనేవాడు. అది నాకు ఇంకా కోపం తెప్పించేది.

నాకు యాభై రెండో ఏడు వచ్చాక కుడి భుజం పట్టేసింది. మొదట చలిగాలి అనుకున్నాను. నెల తిరిగేసరికి చెయ్యి రొమ్ము దాటి పైకి లేవడం మానేసింది. ఆసుపత్రి డాక్టరు అటు తిప్పి ఇటు తిప్పి, నేను పెట్టిన కేక విని, "యాభై ఏళ్ళ భుజమమ్మా ఇది. కీలు బిగుసుకుపోయింది. ఏడాదో రెండేళ్ళో పడుతుంది. వ్యాయామం చెయ్యి" అని పంపించేశాడు. ఏడాదో రెండేళ్ళో! మొగుడు పోయి పదకొండేళ్ళయింది. ఆ చెయ్యే నాకు మొగుడూ కొడుకూ పింఛనూ. కొమ్ము పలక పట్టడం తప్ప నాకు ఇంకో విద్య రాదు. జుట్టు ముడి వేసుకోలేక కత్తిరించేసుకున్నాను. అద్దంలో నన్ను చూసి నేనే ఎవరో అనుకున్నాను.

ఎవరి వీపు వాళ్ళు గీక్కోలేరు. అందుకని పక్కనే నత్తల పులుసు నూడుల్స్ అమ్మే తాన్ షువాంగ్‌ని పిలిచాను. ఎముకల పులుసు డేగిసాలు ఒంటిచేత్తో దించే మనిషి. నాకంటే ఆరేళ్ళు చిన్నది. నేనంటే భయం, అభిమానం రెండూ ఉన్నాయి దానికి.

"గట్టిగా గీకవే" అన్నాను.

"గట్టిగానే గీకుతున్నా అక్కా."

"ఎరుపొచ్చిందా?"

"వచ్చింది."

"ఎంత?"

"టమాటా అంత."

"చాలదు. వంకాయ రంగు రావాలి. తినే తిండంతా ఏమైపోతోందే నీకు?"

తాన్ పళ్ళు బిగించి గీకింది. నేను తలగడ కొరుక్కుంటూ పడుకున్నాను. వంకాయ రంగు వచ్చింది. సందులో ఆడవాళ్ళు నలుగురు వచ్చి చూసి, ఇంత బాగా ఎవరికీ రాలేదని మెచ్చుకుని వెళ్ళారు. నొప్పి మాత్రం ఇంకాస్త పెరిగింది. పెరిగిందంటే లోపల ఇంకా ఉందన్నమాట అని నాలుగు రోజులకి మళ్ళీ గీకించుకున్నాను. ఆ రంగు పోకముందే మళ్ళీ. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే అదే, కాకపోతే రోకలి నేనే తెచ్చి తాన్ చేతికిచ్చాను. మూడో వారానికి చొక్కా తగిలినా ఓర్చుకోలేకపోయేదాన్ని, చెయ్యి బొడ్డు దాటి లేచేది కాదు.

ఎడమ చేత్తో గీకడం మొదలుపెట్టాను. బస్సు తోలి రిటైరైన మో ముసలాయన నాకు ఇరవై ఏళ్ళ నాటి గిరాకీ. నా ఎడమ చేతి పని కిందే పావుగంట ఓపిగ్గా పడుకుని, బాగుందమ్మా, బాగుందమ్మా అనుకుంటూ లేచాడు. వారం తర్వాత ఆయన నా గుమ్మం ముందు తల వంచుకుని దాటి, నోంగ్ మాస్టారి గుమ్మంలోకి వెళ్ళడం చూశాను. కోపం రాలేదు. భయమేసింది. ఇంక నా దుకాణం ఎన్నాళ్ళో అని మొదటిసారి అనుకున్నాను.

"నువ్వూ వెళ్ళక్కా" అంది తాన్.

"నేనా! ఆ గుడ్డాయన దగ్గరికా!"

"నా చేతుల్తో ఇంక నీ వీపు ముట్టను. నిన్న గీకుతుంటే నాకే ఏడుపొచ్చింది. పంతం కావాలో చెయ్యి కావాలో తేల్చుకో."

మర్నాడు మధ్యాహ్నం, సందంతా భోజనాలకి లోపలికి పోయిన వేళ, టోపీ ఒకటి కళ్ళ మీదికి లాక్కుని వెళ్ళాను. గుడ్డివాడి దగ్గరికి టోపీ దేనికో నన్నడగొద్దు. గొంతు కాస్త మార్చి, "నేను బడి పంతులమ్మనండీ. నల్లబల్ల మీద రాసీ రాసీ భుజం పట్టేసింది" అన్నాను.

"అలాగాండీ, పడుకోండి" అన్నాడు.

నూనె రాసి, అరచేత్తో వీపంతా ఒకసారి తడిమాడు. కుడి రెక్క దగ్గర చెయ్యి ఆగిపోయింది.

"ఇక్కడ వేడిగా ఉందండీ. ఎవరో బాగా గీకారు. ఇది మానేదాకా ఇక్కడ ముట్టను" అని చంక పక్కకి, పైచేతి వెనక్కి, మెడ కిందికి వెళ్ళాడు. పలక వేస్తున్నాడో లేదో తెలియనంత మెల్లగా వేస్తున్నాడు. రెండు నిమిషాలు ఓర్చుకున్నాను.

"పలక ఇంకాస్త వాలుగా పట్టుకోండి" అన్నాను.

"అలాగేనండీ."

"నూనె చాల్లేదేమో."

"వేస్తానండీ."

"ఒకే వైపు గీకాలి, వెనక్కీ ముందుకీ పోనివ్వకూడదు. ఇంకాస్త గట్టిగా. అసలు ఎరుపొస్తోందా?"

ఆయన పలక ఆపాడు. "జుఫెన్ గారూ, మీరు గీకుతారా, నన్ను గీకమంటారా?"

నాకు చెవులు వేడెక్కిపోయాయి. "ఎలా తెలిసింది? అడుగుల చప్పుడా? నూనె వాసనా?"

"అదేం లేదండీ. పలక ఎంత వాలులో పట్టాలో చెప్పే పంతులమ్మలు నాకింతవరకూ తగల్లేదు."

నేను నవ్వలేదు. నవ్వితే భుజం నొప్పి. ఆయన మళ్ళీ పని మొదలుపెట్టాడు. చంక పక్కన ఒకచోట పలక నెమ్మదించింది. "ఇదిగో, ఇక్కడుంది మీ చెయ్యి పట్టుకుని కూర్చున్నది" అన్నాడు. అక్కడే చిన్న చిన్నగా, పిల్లకి జో కొట్టినట్టు, చాలాసేపు గీకాడు. తర్వాత మోచెయ్యి పట్టుకుని మెల్లగా తిప్పాడు. నేను కేకేశాను. కేక అయిపోయేదాకా ఆగి, ఇంకొంచెం తిప్పాడు.

ఇంటికొచ్చి అద్దం ముందు నిలబడి చూసుకున్నాను. కొత్త ఎరుపు ఒక్క చుక్క లేదు. ఇదేం గీకుడు, ఇదేం వైద్యం అని అద్దాన్నే తిట్టాను. మర్నాడు పొద్దున పళ్ళు తోముకుంటుంటే కుడి చెయ్యి నోటిదాకా వచ్చింది. బ్రష్షు నోట్లో పెట్టుకున్నాక గానీ గమనించలేదు. అలాగే నురగ నోట్లో పెట్టుకుని కూర్చుండిపోయాను.

అద్భుతం జరిగిందని చెప్పను. వారానికి రెండుసార్లు చొప్పున నాలుగున్నర నెలలు వెళ్ళాను. ఇంటి దగ్గర గోడకి ఎదురుగా నిలబడి వేళ్ళని బల్లిలా పైకి పాకించమన్నాడు, ఆగినచోట పెన్సిలుతో గీత పెట్టుకోమన్నాడు. కొన్ని వారాలు గీత వేలెడు పైకి పోయేది, కొన్ని వారాలు వెనక్కి దిగేది. దిగిన వారం వెళ్ళి ఆయన మీద విరుచుకుపడేదాన్ని. "అరవండి, అరిస్తే భుజం కూడా వదులవుతుంది" అనేవాడు.

జూలైలో ఒకనాడు, తన బల్ల మీద బోర్లా పడుకున్న మో ముసలాయన వీపు చూపించి, "మీ ఎడమ చెయ్యి ఇలా ఇవ్వండి" అన్నాడు మాస్టారు నాతో. పలక నా చేతిలో పెట్టాడు. "కళ్ళు మూసుకోండి. నొక్కొద్దు. పలకని దాని దారిన పోనివ్వండి."

"కళ్ళు మూస్తే ఏం కనబడుతుంది?"

"మూయండి జుఫెన్ గారూ. నేను యాభై ఏడేళ్ళుగా మూసుకునే ఉన్నాను, ఏమీ కాలేదు."

మూశాను. మొదట ఏమీ లేదు, నూనె జారుడు తప్ప. రెక్క ఎముక కింద పలక అంచుకి ఏదో తగిలింది. చర్మం కింద సన్న రవ్వ పోసినట్టు గరగరలాడింది. ఇంకోసారి గీశాను. మళ్ళీ గరగర. పది పన్నెండుసార్లు మెల్లగా గీసేసరికి రవ్వ కాస్త మెత్తబడింది. మో ముసలాయన, "ఆఁ, అక్కడే, అక్కడే తల్లీ" అని మూలిగాడు. కళ్ళు తెరిచి చూస్తే వీపు మీద లేత గులాబీ రంగు తప్ప ఏమీ లేదు.

ఇరవై మూడేళ్ళుగా ఆ గరగర నా పలక కిందా ఉండే ఉంటుంది. నేను రంగు చూడ్డంలో పడి దాన్ని వినలేదు. ఎంతమంది వీపులు వంకాయలు చేసి పంపించానో అనిపించి నాకు సిగ్గేసింది. ఆ మాట ఆయనతో అన్నాను కూడా. అదొక్కటే అనగలిగాను.

"మీ చేతిలో బాగుపడ్డవాళ్ళు బోలెడుమంది ఉన్నారండీ" అన్నాడాయన. "మీ చెయ్యి మంచిది. కొంచెం తొందర, అంతే."

అలాంటి మనిషికి చాలా సంతోషం మాస్టారూ, మీ రుణం తీర్చుకోలేను అని చెప్పాలి కదా. నా వల్ల కాలేదు. ఎన్నిసార్లో గుమ్మం దాకా వచ్చి వెనక్కి తిరిగాను. తొమ్మిదేళ్ళు ఆయన్ని ఆడిపోసుకున్న నోరు అది. ఏ మొహం పెట్టుకుని అనాలి? చెప్పలేక నూడుల్స్ పట్టుకెళ్ళేదాన్ని. ఆయన చాలా సంతోషమండీ అని నాకే చెప్పేవాడు. నాకు అన్నం సహించేది కాదు.

అక్టోబరు చివర్లో నా చెయ్యి బట్టలారేసే తీగని అందుకుంది. తడి దుప్పటి రెండు చేతులా ఎత్తి తీగ మీద వేశాను. వేసి, దుప్పటి చాటున నిలబడి బాగా ఏడ్చాను. ఇంక ఊరుకోకూడదనుకున్నాను. మా వైపు రోగం నయం చేసినవాళ్ళకి ఎర్ర మఖమల్ పతాకం ఇవ్వడం రివాజు. బంగారు దారంతో మా లిపిలో ఎనిమిది అక్షరాలు కుట్టిస్తే, మనం నోరు విప్పక్కర్లేకుండా మన మర్యాదంతా ఆ బట్టే చూసుకుంటుంది. నాలాంటివాళ్ళ కోసమే పెద్దలు ఆ పద్ధతి పెట్టి ఉంటారు.

పతాకాలు కుట్టేవాడు మాటల పట్టీ ముందు పెట్టాడు. చదివి చదివి, "నేర్పరి చెయ్యి తాకగానే వసంతం తిరిగి వచ్చింది" అన్న రకం ఎంచుకున్నాను. పసుపు కుచ్చులు, దొరికినవాటిలోకెల్లా పెద్ద సైజు. అక్షరాలు సందు అవతలి నుంచి కూడా కనబడాలని మరీ మరీ చెప్పాను.

ఆదివారం పొద్దున సందంతా పోగుచేశాను. తాన్ పులుసు గరిటెతో డేగిసా మూత వాయించింది. మో ముసలాయన ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు. నోంగ్ మాస్టారు గుమ్మంలోకి వచ్చి, ఇంతమంది చప్పుడు విని కంగారుపడ్డాడు. నేను పతాకం విప్పి, రెండు చేతులా ఆయన చేతుల్లో పెట్టి, ఒక అడుగు వెనక్కి వేసి నిలబడ్డాను. అందరూ చప్పట్లు కొట్టారు. ఆయన బట్టని తడిమాడు. కుచ్చులు తడిమాడు.

"బాగుందండీ, మెత్తగా ఉంది" అన్నాడు. "కిటికీకి కర్టెనా?"

చప్పట్లు ఆగిపోయాయి. తాన్ గరిటె పైకెత్తి అలాగే ఉండిపోయింది.

తొమ్మిదేళ్ళు ఆ మనిషి గుడ్డివాడన్న ఒక్క మాట తప్ప ఇంకో మాట చెప్పలేదు నేను. తీరా ఆయనకి నమస్కారం పెట్టాల్సిన రోజున ఆ సంగతే మర్చిపోయి, చదవమని అక్షరాలు కుట్టించుకొచ్చాను. ఇంత తెలివి ఇంకెవరికైనా ఉంటుందా? భూమి చీలితే బాగుండుననిపించింది. చీలలేదు.

"కర్టెన్ కాదు మాస్టారూ, పతాకం" అన్నాను. "ఇటివ్వండి, తగిలిస్తాను."

ఆయన పట్టా పక్కన, అంతకంటే జానెడు ఎత్తున, కుడి చేత్తో సుత్తి పట్టి మేకు కొట్టాను. పతాకం ఎత్తి తగిలిస్తుంటే ఆయన నా పక్కకొచ్చాడు. "ఏ చెయ్యండీ?" అన్నాడు. "కుడిదే" అన్నాను. తన చెయ్యి చాపి నా మోచెయ్యి ఎక్కడుందో వెతికాడు. భుజం దగ్గర వెతికి, చెవి దగ్గర వెతికి, ఇంకా పైకి వెళ్తే తలకి పైన దొరికింది. అక్కడ అరచెయ్యి ఆనించి కాసేపు అలాగే ఉంచాడు. ఆయన మొహం నేను చూశాను. నా జన్మలో నన్ను చూసి ఎవరూ అంత సంతోషపడలేదు.

"సగం పని కాలమే చేసిందండీ, సగమే నాది" అన్నాడు. ఆ తర్వాత, "ఇంతకీ ఏం రాయించారు? చదివి చెప్పండి" అన్నాడు.

సందంతా నా వైపు చూస్తోంది. నేను గొంతు సవరించుకున్నాను.

"నేర్పరి చెయ్యి తాకగానే వసంతం తిరిగి వచ్చింది" అని చదివాను. అక్కడికి బట్ట మీది మాటలు అయిపోయాయి. నా నోరు ఆగలేదు. బట్ట వైపే చూస్తూ, చదువుతున్నట్టే చదివాను. "నోంగ్ మాస్టారికి చేతకాదని ఈ సందులో తొమ్మిదేళ్ళు చెప్పింది వెయ్ జుఫెన్. అది అబద్ధం. ఆయన దగ్గర ఎప్పుడూ చేయించుకోకుండానే చెప్పింది. ఆయన చెయ్యి లేకపోతే ఈ జుఫెన్‌కి చెయ్యి లేదు, తిండి లేదు. ఆయన ఒక్కసారి కూడా దెప్పలేదు. బతికినన్నాళ్ళూ మర్చిపోను మాస్టారూ. క్షమించండి."

బట్ట మీద ఎన్ని అక్షరాలున్నాయో గుమ్మంలో నిలబడ్డవాళ్ళందరికీ కనబడుతూనే ఉంది. తాన్ ముక్కు చీదింది.

నోంగ్ మాస్టారు తల వంచుకుని విన్నాడు. ఆ తర్వాత మెల్లగా అన్నాడు.

"పతాకం మీద ఎనిమిది అక్షరాలే పడతాయని విన్నానండీ. మిగతాదంతా ఎక్కడ రాయించారు?"

"అంచు మీద" అన్నాను.

"అయితే ఇంకోసారి చదవండి జుఫెన్ గారూ" అన్నాడు. "మెల్లగా. అంచుతో సహా."

నేను మళ్ళీ మొదటి నుంచి చదివాను.